కొత్తరెడ్డిపాలెం సమాజమందిరం: తెలుగులో ప్రార్థించే యూదుల కథ

గుంటూరు జిల్లా చేబ్రోలు మండలంలో కొత్తరెడ్డిపాలెం అనే ఊరు ఉంది. పొలం పనులు, పాడి, కూలి మీద బతికే మామూలు డెల్టా ఊరు. ఆ ఊళ్లో ఒక యూదుల ప్రార్థనాలయం ఉందని చెబితే చాలామంది నమ్మరు. అక్కడ ప్రార్థించేవాళ్లు విదేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు కారు. ఇంట్లో, పొలంలో, అంగట్లో తెలుగే మాట్లాడే మాదిగ కుటుంబాలు. తమను తాము 'బెనె ఎఫ్రాయిము', అంటే ఎఫ్రాయిము సంతానం అని చెప్పుకుంటారు. పరిశోధకులు అక్కడికి వెళ్లి రాసిన లెక్క ప్రకారం ఈ సమాజం సుమారు నలభై కుటుంబాలది.

సిరిగేరి లాంటి సరిహద్దు ఊళ్లలో ఉండే మనకు ఈ కథ ఎందుకు అని పాఠకులు అడగవచ్చు. బళ్లారి జిల్లాలో తెలుగు మాట్లాడేవాళ్లం మనమూ ఒక రకం మైనారిటీలమే. తక్కువమంది ఉన్న సమాజం తన భాషను, పండుగను, పేరును ఎలా నిలబెట్టుకుంటుంది, అందుకు ఎంత ఖర్చు పెట్టుకుంటుంది అన్నది మనకూ ఉన్న ప్రశ్నే. నలభై కుటుంబాలు దానికి ఇచ్చుకున్న జవాబును ఇక్కడ వివరిస్తున్నాం.

సమాజమందిరం అంటే ఏమిటి?

సినగాగ్ అన్న మాట కొత్తగా అనిపించినా తెలుగు బైబిలు చదివినవాళ్లకు విషయం కొత్తది కాదు. అందులో దీనికి 'సమాజమందిరము' అన్న మాట వాడారు. సరైన మాటే. యూదులకు ఒకప్పుడు బలులు అర్పించే దేవాలయం యెరూషలేములో ఒక్కటే ఉండేది. క్రీ.శ. 70లో రోమన్లు దాన్ని కూల్చేశాక మళ్లీ కట్టలేదు. అంతకు ముందు నుంచే ఏ ఊళ్లో ఉన్నవాళ్లు ఆ ఊళ్లోనే కలుసుకుని ప్రార్థించడం, ధర్మశాస్త్రం చదువుకోవడం, పిల్లలకు అక్షరాలు నేర్పడం సాగుతోంది. ఆ పనులన్నీ జరిగే చోటే సమాజమందిరం. గుడి, బడి, కులపెద్దల రచ్చబండ మూడూ ఒక చోట చేరినట్టు అనుకోవచ్చు.

అక్కడ విగ్రహం ఉండదు. ధర్మశాస్త్రం చుట్టను ఉంచే మందసమే ముఖ్యమైన వస్తువు. ఆ చుట్టను తోలు మీద చేత్తో హీబ్రూలో రాస్తారు. అందులో మూడు లక్షలకు పైగా అక్షరాలు ఉంటాయి. ఒక లేఖకుడికి ఏడాది దాకా పట్టే పని కాబట్టి ఖరీదు లక్షల రూపాయల్లో ఉంటుంది. చాలా చిన్న సమాజాలు అచ్చు పుస్తకంతోనే సరిపెట్టుకోవడానికి కారణం అదే. ప్రార్థనలో యెరూషలేము వైపు తిరుగుతారు. మన దేశం నుంచి అది పడమటి దిక్కు. నమాజు చేసే ముస్లిం పొరుగువాళ్లు తిరిగేదీ దాదాపు అటే.

ఇంకో నియమం ఉంది. ముఖ్యమైన కొన్ని ప్రార్థనలు చెయ్యాలంటే యుక్తవయసు వచ్చిన పదిమంది ఒకచోట ఉండాలి. సంప్రదాయ పద్ధతిలో పదిమంది మగవాళ్లు కావాలి. సంస్కరణ పద్ధతి పాటించేవాళ్లు ఆడవాళ్లనూ లెక్కిస్తారు. చనిపోయినవాళ్ల కోసం చేసే ప్రార్థనకూ ఆ పదిమంది కావాలి. అంటే ఒంటరిగా ఇంట్లో కూర్చుని యూదుడిగా పూర్తిగా బతకడం కుదరదు. పక్కవాడు రావాలి. చిన్న సమాజాలు చెదిరిపోకుండా ఉండటానికి ఈ ఒక్క నియమం ఎంత పని చేసిందో చెప్పలేం.

ఇది ఎలా మొదలైంది?

కొత్తరెడ్డిపాలెం కథలో రెండు పేర్లు ముందుకొస్తాయి. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అన్నదమ్ములు. షమూయేల్ ముందు క్రైస్తవ బోధకుడు. 1980ల్లో ఆయన యెరూషలేము వెళ్లి వచ్చారు. అక్కడ చూసిన ఆచారాలకూ తమ పెద్దలు పాటించిన ఆచారాలకూ పోలిక ఉందని ఆయనకు అనిపించింది. 1980ల చివర నుంచి ఈ కుటుంబాలు యూదు పద్ధతులు బహిరంగంగా పాటించడం మొదలుపెట్టాయి. 1990ల మొదట్లో కొత్తరెడ్డిపాలెంలో సమాజమందిరం ఏర్పడింది. దాని పేరు 'బెనె యాకోబు'. దాన్ని నడిపే బాధ్యత సాదోక్ తీసుకున్నారు. షమూయేల్ తమ వంశచరిత్రపై 2002లో ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు.

వాళ్లు చెప్పుకునే చరిత్ర ఇది. పూర్వం ఇశ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని క్రీ.పూ. 8వ శతాబ్దంలో అష్షూరు రాజులు జయించి పది గోత్రాలను చెదరగొట్టారు. అందులో యోసేపు కొడుకైన ఎఫ్రాయిము గోత్రం ఒకటి. ఆ గోత్రంవాళ్లు పర్షియా మీదుగా ఉత్తర భారతానికి, అక్కడి నుంచి దక్షిణానికి వచ్చారు. కాలక్రమంలో స్థితి దిగజారి మాదిగవాళ్లలో కలిసిపోయారు. పెద్ద మాంసం తినడం, చనిపోయినవాళ్లను పూడ్చిపెట్టడం వంటివి ఆ పాత జీవితపు గుర్తులని వాళ్ల నమ్మకం.

దీనికి శాసనం గాని, పాత పత్రం గాని ఆధారంగా లేదు. పశువు మాంసం తినడం, పూడ్చిపెట్టడం మన ప్రాంతంలో ఎన్నో కులాల్లో ఉన్నవే. డరహమ్ విశ్వవిద్యాలయానికి చెందిన యూలియా యెగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి ఈ సమాజంపై 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా ఒక పుస్తకం తెచ్చారు. వాళ్ల దృష్టి వంశం నిజమా కాదా తేల్చడం మీద లేదు. ఊరి చివర వాడలో ఉంచిన మనుషులు తమ గతాన్ని తామే రాసుకోవడంలో ఏముందో వాళ్లు వివరించారు.

ఈ కోణం అర్థం కావాలంటే గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో మాదిగల మతచరిత్ర గుర్తు చేసుకోవాలి. గుంటూరుకు 1842లో లూథరన్ మిషనరీ హేయర్ వచ్చారు. ఒంగోలు చుట్టుపక్కల అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ పనిచేశారు. 1876–78 కరువు తర్వాత, 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. అంటరానితనం నుంచి బయటపడే దారి కోసం, బడి కోసం, గౌరవంగా పిలిపించుకునే పేరు కోసం జరిగిన కదలిక అది. ఆ చర్చిల్లోనే తరాల పాటు పాత నిబంధన కథలు తెలుగులో విన్నారు. ఐగుప్తులో బానిసలుగా ఉన్నవాళ్లు విడుదలై సొంత నేలకు నడిచి వెళ్లిన కథ ఎవరికన్నా వెట్టి చేసినవాళ్లకే దగ్గరగా తగులుతుంది. ఆ కథ మన గురించేనేమో అని కొందరు అనుకోవడంలో వింత లేదు.

శుక్రవారం పొద్దు గుంకాక

యూదుల వారానికి కేంద్రం విశ్రాంతి దినం. అది శుక్రవారం సూర్యాస్తమయానికి మొదలై శనివారం రాత్రి నక్షత్రాలు కనబడేదాకా ఉంటుంది. వాళ్ల లెక్కలో రోజు సాయంత్రంతో మొదలవుతుంది. పొద్దు గుంకక ముందే ఇంటి ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. తర్వాత మళ్లీ నిప్పు రాజెయ్యకూడదు కాబట్టి వంట కూడా ముందే అయిపోవాలి. ద్రాక్షరసం మీద ఆశీర్వాదం చెప్పి, రొట్టె విరిచి భోజనానికి కూర్చుంటారు. మన దేశంలోని పాత యూదు సమాజాలు ద్రాక్షసారాయి దొరకని చోట ఎండుద్రాక్షను నీళ్లలో నానబెట్టి తీసిన రసం వాడుతూ వచ్చాయి. తక్కువ ఖర్చుతో జరిగే పద్ధతి.

శనివారం ఉదయం ధర్మశాస్త్రంలో ఆ వారానికి నిర్ణయించిన భాగం చదువుతారు. ప్రపంచంలో ఏ సమాజమందిరంలోనైనా ఆ వారం దాదాపు అదే భాగం. న్యూయార్క్‌లోనూ, ముంబయిలోనూ, చేబ్రోలు మండలంలోనూ అదే పాఠం. ఏడాదిలో పుస్తకం మొత్తం పూర్తి చేసి, ఆ రోజే మళ్లీ మొదటి మాటతో మొదలుపెడతారు. శనివారం రాత్రి మసాలా దినుసుల వాసన చూసి, అల్లిన కొవ్వొత్తి వెలిగించి, ద్రాక్షరసంలో ఆర్పి విశ్రాంతికి వీడ్కోలు చెబుతారు. ఆ దినుసులు మన పోపుల పెట్టెలో ఉండే లవంగాలు, దాల్చినచెక్క వంటివే.

చెప్పుకోవడానికి ఇది అందంగా ఉంటుంది. కూలి మనిషికి మాత్రం లెక్క వేరు. శనివారం పని మానడం అంటే ఆ రోజు కూలి పోవడమే. గుంటూరు వైపు మిరప కోతల్లోనైనా, మన సిరుగుప్ప వైపు కాలువ కింద వరి నాట్లలోనైనా పనులు వచ్చేది కొన్ని వారాలే. ముఠాతో వెళ్లేవాళ్లు ఒకరోజు రాకపోతే మేస్త్రీ మర్నాడు వేరేవాళ్లను పిలుస్తాడు. ఉద్యోగికి సెలవు రోజు ఉంటుంది, రైతుకు పని వాయిదా వేసుకునే వీలు ఉంటుంది, రోజుకూలికి రెండూ లేవు. అందుకే పేద సమాజాల్లో విశ్రాంతి దినం చాలాసార్లు పని ముగించుకుని వచ్చి కూర్చునే సాయంత్రంగా మారుతుంది. నియమం పూర్తిగా పాటించలేకపోయారని వాళ్లను తక్కువ చెయ్యడం సులువు. పగలంతా వంగి పనిచేసి కూడా స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని ప్రార్థనకు వచ్చే మనిషి కడుతున్న వెల ఎంతో కూడా చూడాలి.

మన పంచాంగానికి దగ్గరి చుట్టం

పండుగల దగ్గరికి వస్తే తెలుగువాళ్లకు సులువుగా అర్థమయ్యే విషయం ఒకటుంది. యూదుల నెలలు కూడా చాంద్రమానమే. అమావాస్య తర్వాత నెల మొదలై పౌర్ణమి నెల మధ్యలో వస్తుంది. రుతువులతో తేడా రాకుండా మనం అధిక మాసం కలిపినట్టే వాళ్లూ 19 ఏళ్లలో ఏడుసార్లు ఒక నెల అదనంగా కలుపుతారు. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరిగితే యూదుల పండుగలు మాత్రం మన పండుగల్లాగే ఒక రుతువు చుట్టూ తిరుగుతాయి.

ఉదాహరణలు చూడండి. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. యూదుల నీసాను నెల మొదటి తేదీ కూడా ఆ రోజే. 2025లో రెండూ మార్చి 30నే పడ్డాయి. నీసాను పౌర్ణమికి పస్కా పండుగ. అంటే మనకు చైత్ర పౌర్ణమి. వాళ్ల కొత్త సంవత్సరం రోష్ హషానా 2024లో అక్టోబరు 2 సాయంత్రం మొదలైంది. మర్నాడు మన దేవీ నవరాత్రులు మొదలయ్యాయి. అయితే అధిక మాసం కలిపే ఏడాది ఇద్దరికీ ఒకటే కావాలని లేదు. 2023లో మనకు అధిక శ్రావణం వచ్చింది. అందుకని ఆ ఏడు రోష్ హషానా సెప్టెంబరు మధ్యలో, వినాయకచవితి దగ్గర వచ్చింది. నవరాత్రులు నెల తర్వాత వచ్చాయి.

రోష్ హషానా నాడు పొట్టేలు కొమ్ముతో చేసిన బూర ఊదుతారు. తర్వాత పదో రోజు ప్రాయశ్చిత్త దినం. సుమారు 25 గంటలు మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటారు. దేవుణ్ణి క్షమాపణ అడిగే ముందు, తాము నొప్పించిన మనుషుల దగ్గరికి వెళ్లి క్షమాపణ అడగాలన్నది నియమం. మనిషికి చేసిన అపకారాన్ని ఆ మనిషి మన్నించకుండా ఉపవాసం ఒక్కటే కడగదు.

దాని తర్వాత ఐదో రోజున, పౌర్ణమికి పర్ణశాలల పండుగ. ఏడు రోజులు పందిరి కింద భోంచెయ్యాలి. పందిరి కప్పు నేలలో పెరిగి, కోసిన ఆకులతోనే వెయ్యాలి. లోపలి నుంచి చూస్తే ఆకాశం కొద్దిగా కనబడాలి. ఈ పండుగ కోసం చలిదేశాల యూదులు ఆకులు కొనుక్కుంటారు. తాటాకు పాకలు వేసిన చేతులకు అదేం పని? ఆ పండుగలో చేత పట్టే నాలుగింటిలో ఒకటి మనం మాదీఫలం అనే నిమ్మజాతి కాయ.

పస్కాకు పులియని రొట్టెలు తింటారు. పిండిలో నీళ్లు పోసిన దగ్గర నుంచి కాల్చడం దాకా 18 నిమిషాలు మించకూడదు. చపాతీ చేసే ఇంట్లో ఇది కష్టమైన పని కాదు. ఐరోపా యూదులు చాలామంది ఆ ఎనిమిది రోజులు అన్నం కూడా మానేస్తారు. భారతదేశపు పాత యూదులకు ఆ నిషేధం లేదు. అన్నం మీద బతికే నేలలో ఆ వెసులుబాటు చిన్నది కాదు.

వంటింటి నియమాలు

పెద్ద మాంసం తింటారన్న ఒక్క కారణంతో మన ఊళ్లలో మాదిగలను ఎంత దూరం పెట్టారో అందరికీ తెలుసు. యూదు ధర్మశాస్త్రం ప్రకారం గిట్టలు చీలి, నెమరు వేసే జంతువు తినదగినదే. ఆవు, ఎద్దు, గొర్రె, మేక అన్నీ అందులోకి వస్తాయి. పంది రాదు. కోసే పద్ధతికి మాత్రం కఠినమైన నియమాలున్నాయి. పదునైన కత్తితో, శిక్షణ పొందినవాడు ఒక్క ఊపులో కొయ్యాలి. రక్తం పూర్తిగా కారిపోవాలి, మాంసాన్ని ఉప్పు పట్టించి కడగాలి. మురికిగా చూపించిన తిండినే ధర్మశాస్త్రం తినదగినదిగా లెక్కకట్టడం ఈ కుటుంబాలకు చిన్న మాట కాదు. సిగ్గుపడమన్న చోట తలెత్తుకునే కారణం దొరికింది.

అదే శాస్త్రం వేరే చోట కోస్తా నాలుకను కట్టేస్తుంది. చేపకు రెక్కలు, పొలుసులు రెండూ ఉండాలి. అంటే బొచ్చె, రాగండి, కొరమీను తినవచ్చు. పొలుసు లేని వాలుగ, జెల్ల పనికిరావు. రొయ్యలు, పీతలు అసలే కుదరవు. గుంటూరు, కృష్ణా జిల్లాలవాళ్లు రొయ్యల కూర మానుకోవడం అంటే ఎంత నిగ్రహమో అక్కడివాళ్లకే తెలుస్తుంది. మాంసం, పాలు ఒకే భోజనంలో కలపకూడదు. అంటే మాంసం కూర వండిన రోజున ఆఖరి ముద్ద పెరుగన్నం ఉండదు. ఇలాంటి నియమాలను పుస్తకంలో చదవడం వేరు. అత్తా కోడళ్లు రోజూ పొయ్యి దగ్గర గుర్తుపెట్టుకుని నడపడం వేరు. ఏ సంప్రదాయమైనా నిలబడేది ఈ రెండో చోట.

హీబ్రూ అక్షరం, తెలుగు మాట

ఈ సమాజమందిరంలో హీబ్రూ ప్రార్థనలతో పాటు తెలుగు కూడా నడుస్తుంది. హీబ్రూలో 22 అక్షరాలు. ఉర్దూలాగే కుడి నుంచి ఎడమకు రాస్తారు. అచ్చులను అక్షరం కింద, పైన చుక్కలతో, గీతలతో చూపిస్తారు. మన గుణింతం నేర్చిన పిల్లలకు ఆ పద్ధతి త్వరగానే పట్టుబడుతుంది. పిల్లలకు హీబ్రూ పేర్లు పెడతారు. మగపిల్లలకు ఎనిమిదో రోజున సున్తీ చెయ్యాలన్నది ధర్మశాస్త్ర నియమం.

మన దేశంలో యూదులు స్థానిక భాషను తమ ప్రార్థనాజీవితంలోకి తెచ్చుకోవడం కొత్త కాదు. కొచ్చిలో మట్టాంచేరి పరదేశి సమాజమందిరం 1568లో కట్టారు. కొచ్చి యూదుల ఆడవాళ్లు పండుగలకు, పెళ్లిళ్లకు మలయాళంలో పాటలు కట్టి, నోటుబుక్కుల్లో రాసుకుని తరాల పాటు పాడారు. కొంకణ తీరంలోని బెనె ఇశ్రాయేలీలు మరాఠీ కీర్తన పద్ధతిలో బైబిలు కథలు చెప్పారు. నూనె గానుగలు ఆడించి బతికిన వాళ్లను పొరుగువాళ్లు 'శనివారం తేలీలు' అని పిలిచేవారు, శనివారం గానుగ ఆపేవారు కనుక. ఏలీయా ప్రవక్త పేరుమీద వాళ్లు అటుకులు, బెల్లం, కొబ్బరి, పండ్లతో నైవేద్యం లాంటిది పెట్టి పంచుకుంటారు. దాన్ని మలీదా అంటారు. ఇన్ని భాషల్లో ఒదిగిన సంప్రదాయంలో తెలుగు చేరడం వింత కాదు. తెలుగుకే అది గౌరవం.

ఎవరు గుర్తించాలి?

ఈ కథలో ముడిపడని ముడి గుర్తింపు. అది రెండు వైపులా ఉంది.

ఒకటి యూదు ప్రపంచం వైపు. ఇజ్రాయెల్ 1950లో చేసిన చట్టం ప్రకారం ఏ దేశపు యూదుడైనా అక్కడికి వెళ్లి పౌరసత్వం పొందవచ్చు. ఎవరు యూదుడు అన్నది మాత్రం వాదాలతో నిండిన విషయం. శతాబ్దాలుగా యూదులుగానే బతికిన బెనె ఇశ్రాయేలీలను కూడా అక్కడి మతపెద్దలు పెళ్లిళ్ల విషయంలో అనుమానించారు. ధర్నాలు చేశాక 1964లో ప్రభుత్వం వాళ్లు అన్ని విధాలా యూదులేనని ప్రకటించింది. మణిపూర్, మిజోరంలలోని బెనె మెనషేలను 2005లో అక్కడి ప్రధాన రబ్బీల్లో ఒకరు ఇశ్రాయేలు సంతతిగా అంగీకరించారు. వాళ్లు మతప్రవేశ క్రమం పూర్తి చేసి వేల సంఖ్యలో వెళ్లారు. కొత్తరెడ్డిపాలెం వాళ్లకు అలాంటి అంగీకారం రాలేదు. విదేశీ యూదు సంస్థలవాళ్లు, రబ్బీలు వచ్చి కలిశారు, నేర్పారు, పుస్తకాలు ఇచ్చారు. అధికారిక ముద్ర మాత్రం పడలేదు.

రెండోది మన దేశపు కాగితాల వైపు. ఇది పేదవాడికి ఇంకా దగ్గరి సమస్య. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు అందులో లేరు. యూదులూ లేరు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలకు బీసీ–సి కింద ఒక శాతం రిజర్వేషను ఉంది. యూదుడినని కాగితం మీద రాసుకున్న మాదిగవాడికి ఎస్సీ హోదా నిలవదు. వాడలో మాత్రం అతన్ని మాదిగగానే చూస్తారు. మతం మారితే కులం పోతుందని చట్టం అనుకుంటుంది, ఊరు అనుకోదు. ఈ ప్రశ్నను పరిశీలించడానికి కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది.

అల్పసంఖ్యాక హోదా వైపు చూసినా దారి స్పష్టంగా లేదు. కేంద్రం ప్రకటించిన మైనారిటీలు ఆరు: ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, 2014లో చేరిన జైనులు. దేశం మొత్తం మీద ఐదువేలకు మించని యూదులు ఆ జాబితాలో లేరు. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో తమ రాష్ట్రాల్లో యూదులకు మైనారిటీ హోదా ఇచ్చాయి. ఆ రెండు చోట్లా ఉన్నది పేరున్న పాత సమాజాలు.

2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణకు సుప్రీంకోర్టు అనుమతి ఇచ్చాక మాదిగ కుల ధ్రువపత్రం విలువ ఇంకా పెరిగింది. 1994 నుంచి దండోరా ఉద్యమం అడిగింది అదే. అలాంటప్పుడు ఒక తండ్రి ముందు ఉన్న ఎంపిక ఏమిటి? బిడ్డ ఇంజనీరింగు సీటుకు, హాస్టలుకు, ఉద్యోగానికి పనికొచ్చే కాగితం ఒక చేతిలో. తన నమ్మకం పేరు రెండో చేతిలో. ఒక్కోసారి జనాభా లెక్కల్లో, రికార్డుల్లో కనిపించే మతం, మనిషి ప్రార్థనలో చెప్పుకునే మతం ఒకటి కాకపోవడానికి ఇదే కారణం. దాన్ని మోసం అని పిలవడం తేలిక. అలా రెండుగా బతకాల్సిన అవసరాన్ని సృష్టించినది ఎవరో అడగడం న్యాయం.

పెళ్లి సంబంధాలు ఇంకో చిక్కు. నలభై కుటుంబాల్లోనే వధూవరులు దొరకరు. బంధువర్గంలో ఎక్కువమంది క్రైస్తవులు. వచ్చే కోడలు, అల్లుడు ఈ పద్ధతిలోకి వస్తేనే తర్వాతి తరం ఉంటుంది. లేదంటే ఒక్కో పెళ్లితో ఒక్కో ఇల్లు తగ్గుతుంది. 2008లో ముంబయిలో యూదుల నరీమన్ హౌస్‌పై ఉగ్రవాదుల దాడి జరిగాక మన దేశంలోని సమాజమందిరాలన్నిటికీ భద్రత గురించిన భయం కూడా తోడైంది.

మనం తీసుకోవలసినది

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాను పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. సిరుగుప్ప తాలూకా మైసూరుకు వెళ్లింది. ఇళ్లు కదలలేదు, మాట మారలేదు, గీత మారింది. దాంతో సిరిగేరి తెలుగువాళ్లు భాషా మైనారిటీలు అయ్యారు. ఎవరు మైనారిటీ అన్నది రాష్ట్రం యూనిట్‌గా చూడాలని సుప్రీంకోర్టు 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో చెప్పింది. రాజ్యాంగం 30వ అధికరణం మతపరమైన, భాషాపరమైన మైనారిటీలు రెండింటికీ సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు ఇచ్చింది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చెయ్యాలని 350ఎ రాష్ట్రాలకు చెబుతోంది. హక్కు పుస్తకంలో ఉంది. దాన్ని వాడుకోవడానికి కలిసి అడిగే మనుషులు కావాలి.

కొత్తరెడ్డిపాలెం నుంచి నేర్చుకోగలిగింది అక్కడే. వాళ్ల పూర్వీకులు నిజంగా యెరూషలేము నుంచి వచ్చారా అన్న ప్రశ్నకు జవాబు దొరకకపోయినా, మూడు దశాబ్దాలకు పైగా అక్కడ ప్రార్థన నడుస్తోంది. దాన్ని నడిపించింది వంశవృక్షం కాదు. ఒక గది, ఒక పుస్తకం, వారానికి ఒక రోజు, వచ్చి కూర్చునే పదిమంది. పుట్టుక గురించి వాదించుకునే సమాజాలు చాలానే ఉన్నాయి. వారం వారం కలుసుకునేవి తక్కువ.

మన ఊళ్లలో తెలుగు అక్షరాలు రాని పిల్లలు పెరుగుతున్నారని బాధపడేవాళ్లు ఎందరో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఫోనులో ఇంగ్లీషు. కన్నడం బాగా రావాలి, అది మన బతుకు భాష, పొరుగు భాష. దానితో పాటు వారానికి ఒక సాయంత్రం, చర్చి వరండాలోనో, దర్గా పక్క గదిలోనో, గుడి అరుగు మీదో పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి గుణింతం చెప్పడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అవసరం లేదు. పదిమంది చాలని నలభై కుటుంబాల ఊరు చూపించింది. అంతమంది సిరిగేరిలో ఏ వీధిలోనైనా దొరుకుతారు.